కాశింబీ చూసొచ్చిన ఊరు

గరిటెల ఎగ్జిబిషన్‌కని గవర్నమెంటోళ్ళు పంపిస్తే
కాశింబీ గ్రనాడా పోయొచ్చింది.
ఉదయగిరిలో మా షెడ్డు నుంచి
నెల్లూరు దాటి పోయిన మనిషి
ఆమె ఒక్కతే.

వచ్చిన మర్నాడు
ఆకురాయి చేతికి తీసుకోకముందే చుట్టూ మూగినాం.
"ఏం జూసినావు మే?"

"కొండ," అనింది.
"కొండ మీద కోట. కింద ఊరు.
కోటని చూసుకుంటా టీ తాగే జనం."
దానికి అంత దూరం పోవాల్నా అని రవణమ్మ నవ్వింది.
"నేనూ అదే అనుకున్యా,"
ఫ్లైటులో తిన్నది ఇంకా అరగనట్టు
మెల్లగా చెప్పింది కాశింబీ.

నాలుగు రోజులు స్టాల్లో నిలబడిందంట.
అయిదో రోజు పొద్దున మూడు గంటలు సెలవు.
టికెట్టు మీద టైము గూడా రాసుంటదంట,
అది దాటితే సుల్తాను పిలిచినా లోపలికి పోనీరంట.

వీధి పొడుగునా నారింజ చెట్లు.
రాలిన కాయలు కాళ్ళకింద దొర్లతా ఉంటే
ఒకటి తీసి కొరికింది.
చేదూ పులుపూ,
కసుమూర్లో వాళ్ళ మేనత్త దొడ్లో కాయ మాదిరే.
దీన్నేమంటారని సైగ చేస్తే
చీపురు పట్టుకున్న ముసలాయన
"నరాంహ" అన్నాడంట.
నారింజే!
చివర్లో కాస్త ఆయాసం, అంతే.
ఆ ఒక్క మాటతో
ఊరు సగం అర్థమైపోయిందంట.

కోతలు కోస్తందే అనుకున్యా నేను.
కానీ ఆ రోజంతా గరిటె గీకుతా
నరాంహ, నరాంహ
అనుకుంటానే ఉన్యా.

కోట లోపల నీళ్ళు.
గదుల నడిమిన నీళ్ళు,
మెట్ల పక్క పిట్టగోడల మీద గూడా
కాలవ కట్టి నీళ్ళు.
"ఒక్కురూ బిందె తీసుకోని రారు మే.
ఊరికే పోతా ఉంటై,
వినేదానికి."
వినేదానికి నీళ్ళా!
ట్యాంకరొచ్చే చప్పుడు తప్ప
మేం విన్న నీళ్ళేవి?

ఒక పెద్ద హాల్లో అందరూ తలకాయలెత్తి చూస్తున్నారంట.
ఆమె గూడా ఎత్తింది.
కొయ్య.
ఎనిమిది వేల ముక్కలంట, చుక్కల్లాగా పేర్చి
ఆకాశం చేసినారు.
గైడు రాజుల పేర్లు చెప్తా ఉన్నాడు,
ఎవరు కట్టించింది, ఎవరు పోగొట్టుకునింది,
పోతా పోతా ఏ మలుపులో ఎనక్కి తిరిగి ఏడ్చింది.
కాశింబీ మాత్రం
ఉలి యాడన్నా జారిందా అని వెతికింది.
దొరికింది.
వాకిలి చెక్క మీద, మోకాలెత్తున,
ఒక చుక్కకి ఒక కొన పొట్టి.
"పొద్దుగూకే ముందు చేసుంటాడు మే,
ఆకలి మీద."
ఏలు పెట్టబోతే గార్డు అరిచినాడంట.
"చేసినోడి పేరడిగితే గైడుకి తెలీదు.
రాజులందరూ తెలుసు."

ఆ శుక్రవారం షెడ్డు మూసి
మా ఏడుగుర్నీ దుర్గం ఎక్కించింది.
పుట్టినకాడ్నించి దాని నీడలోనే ఉన్నాం.
నర్ది కొయ్యకని అడ్డదారిన పోయినాం గానీ
చూసేదానికని ఎప్పుడూ పోలా.
పులిహోర టిఫిన్, రెండు నీళ్ళ బాటిళ్ళు,
దోవ చూపేదానికి మేకలు కాసే బాజీ.

చిన్న మసీదు కాడ గోడ మీద రాతలు.
ఫారసీ అంట. మాకెవరికీ రాదు,
కాశింబీకీ రాదు,
అయినా ఏలితో దిద్దింది.
ఈడ అరిచే గార్డు లేడు.
పక్కనే బొగ్గుతో గీసిన గుండెకాయ,
బాణం గూడా సగంలోనే ఆగిపోయింది.
"ఇదంతా చెక్కినోళ్ళెవుర్రా?"
"రాజులు," అన్నాడు బాజీ.
వాడి నెత్తిన ఒక మొట్టికాయ.

పైనుంచి మా షెడ్డు కోసం వెతికినాం.
నీలం టార్పాలిన్ని బట్టి
షాహీనా కనిపెట్టింది.
ఎంత చిన్నదో.

దిగబోతా ఉంటే కనపడింది,
రాతిలో తొలిచిన సన్న కాలవ,
నిండా గడ్డీ మేక పెంటికలూ.
కాశింబీ కూచోని, చేత్తో ఊడ్చి,
బాటిల్ మూత తీసి నీళ్ళు పోసింది.
దిగేదాకా ఉండొద్దా అని రవణమ్మ గొణిగింది.
మూడు జానలు పోయినై నీళ్ళు,
చీమల బారుని చెదరగొట్టి
ఒక పగులులోకి ఇంకిపోయినై.
అందరం వంగి చెవులు పెట్టినాం.

రెండో బాటిల్ నేనే ఇచ్చినా.