కదలనట్టే

త్బిలిసిలో మెట్రో మెట్లు దిగితే
ఎడమవైపు, చెప్పుల కొట్టుకీ తాళంచెవుల వాడికీ మధ్య
నిలబడితే ఇద్దరికి చోటు, కూర్చుంటే ఒక్కరికే.
అదే నానూలి కొట్టు.
కూర్చునేది ఆవిడ. నిలబడేది నేను.

పని నేర్చుకోవడమంటే మొదటి నెలంతా
ముక్కుకి గుడ్డ కట్టుకుని చెత్త తీయడమే.
ఆటల కంట్రోలర్ విప్పితే ఏముంటుందో మీకు తెలీదు:
పొద్దుతిరుగుడు గింజల పొట్టు,
ద్రాక్షపాకంలో ముంచిన అక్రోటు ముక్క,
ఓడిపోయిన రాత్రుల చెమట తెల్లగా ఎండిన ఉప్పు,
ఒకసారి ఎవరిదో పాలపన్ను.
పన్నుని మాత్రం పొట్లం కట్టి ఇచ్చింది నానూలి.
బిల్లులో వెయ్యలేదు.

మౌస్ రెండుసార్లు నొక్కుతోందని తెస్తారు.
ఒక్క నొక్కుకి రెండో చప్పుడు
పిలవని పేరంటానికి వచ్చినట్టు వెనకే వస్తుంది.
లోపల రాగిరేకు అలిసిపోయింది, అంతే,
గోరంత స్విచ్చి మారిస్తే చాలు.
కర్సర్ గంతులేస్తోందంటే విప్పనే వద్దు,
వెల్లకిలా తిప్పి కంట్లోకి చూడు, పిల్లి వెంట్రుక ఉంటుంది.
అసలు ఏదీ విప్పకముందు
వేరే పోర్టులో గుచ్చి చూడు,
వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడు,
అనుమానాన్ని ఒక్కొక్కరి మీంచీ దించుకుంటూ రా అంటుంది,
పోయిన ఉంగరం గురించి ఇంట్లోవాళ్లని అడిగినట్టు,
మర్యాదగా.

టోర్నికే అని ఓ కుర్రాడు
ఇరవై ఆరు వేల డీపీఐ కావాలన్నాడు,
నెమలిలా రంగులు కూడా మారాలన్నాడు.
చెయ్యి బల్ల మీద పెట్టమంది.
మణికట్టు నుంచి నడివేలి కొస దాకా
దర్జీ టేపుతో కొలిచింది. పదహారున్నర.
"అరచెయ్యంతా ఆనిస్తావా, పిల్లిలా వేళ్లు ముడుస్తావా?"
వాడికి తెలీదు. ఎవరికి తెలుసు గనక!
తన చెయ్యిని తనే చూసుకున్నాడు, ఎవరో అరువిచ్చినట్టు.
బూడిదరంగుది, చిన్నది, దీపాల్లేనిది ఇచ్చి పంపింది.
మర్నాడొచ్చి నెమలినే పట్టుకెళ్లాడు.
అదీ రాస్తున్నాను,
ఆవిడ ప్రతిసారీ గెలుస్తుందనుకోకండి.

అంజోర్ వచ్చింది ఫిబ్రవరిలో, గొడుగు కారుతుండగా.
ముప్పై ఏళ్లు ట్రాలీబస్సు నడిపినవాడు.
తీగలు పీకేశాక, బస్సులు పోయాక,
ఇప్పుడు రాత్రుళ్లు తెర మీద లారీ తోలుతాడు.
"తిన్నగా పోవట్లేదమ్మా, రోడ్డు మీద వణుకుతోంది.
పైన తీగ ఉన్నన్నాళ్లూ ఇలా లేదు."

విప్పింది. దూది, స్పిరిట్.
స్టిక్కు అడుగున అద్దంలా ఉంది, అరుగుదల లేదు.
బిగించి తెరకి కలిపింది:
తెల్లటి వలయం, మధ్యలో ఎర్ర చుక్క.
బల్ల మీద ఉంటే చుక్క కదల్లేదు.
"పట్టుకోండి" అంది.
పట్టుకున్నాడు.
చూరు కొసన జారబోయే బొట్టులా
చుక్క గిలగిల్లాడింది.
మళ్లీ బల్ల మీద.
కదల్లేదు.
మళ్లీ చేతిలో.

నేను నోరు తెరిచాను.
బల్ల కింద ఆవిడ బూటు మడమ
నా కాలివేళ్ల మీద దిగింది.

"స్టిక్కు కాస్త అరిగిందండీ," అంది,
సూదిలో దారం ఎక్కిస్తున్నంత మామూలుగా.
"డెడ్‌జోన్ పెంచుతాను.
ఇంతలోపు కదిలితే కదలనట్టే లెక్క."
అయిదు. పది. పదిహేను.
పద్దెనిమిది దగ్గర చుక్క మధ్యకొచ్చి కూర్చుంది.
చేతుల వైపు చూడలేదాయన, తెరనే చూశాడు.
"అమ్మయ్య, నేనే..." అని ఆగి
"కొత్తది కొనాలేమో అనుకున్నా" అన్నాడు.
శుభ్రం చేసినందుకు అయిదు లారీలు తీసుకుంది,
మా దేశంలో డబ్బు పేరు కూడా అదే.

రెండోరోజు పొద్దున్నే ఫోను.
రాత్రంతా వానలో, కనుమలు దాటి,
అద్దాల సరుకు ఒక్కటీ బీట పడకుండా దింపాడట.
"కొత్తదానిలా ఉందమ్మా కంట్రోలర్" అంటున్నాడు.
నానూలి సరే సరే అంటూనే
ఇంకెవరిదో మౌస్ తిప్పి కంట్లోకి చూస్తోంది.
నేను మేజోడు విప్పి చూసుకున్నాను.
చిటికెనవేలి గోరు నల్లబడింది.