ఎన్నో నంబరు

కాకినాడ పెద్దాసుపత్రిలో
పన్నెండో గది డాక్టరమ్మ
చీటీ మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాసి
నోటితో కూడా అంది, "డిప్రెషన్."
తెలుగులో ఏమంటారండీ అని అడిగాను.
ఆవిడ పెన్నుకి మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.
"డిప్రెషనే అంటారమ్మా."

ఎదుర్లంక వంతెన మీద బస్సాగింది.
కింద గోదారి నిండుగా, ఏ తొందరా లేకుండా ఉంది.
కిటికీ ఊచ పట్టుకుని
తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే తొడిగి చూసుకున్నాను,
సంతలో చెప్పులు చూసుకున్నట్టు.

బెంగ అందామంటే
బెంగకి ఒక 'మీద' కావాలి.
అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ.
నాది దేని మీదా కాదు.
దిగులంటే ఎందుకని అడుగుతారు.
నీరసమంటే కొబ్బరినీళ్ళిస్తారు.
ఇచ్చారు కూడా, మూడు నెలలు తాగాను.
పేపర్లో కుంగుబాటని రాస్తారు.
మా ఓడలరేవు వైపు కుంగేది ఏటిగట్టు,
దానికైతే రాత్రికి రాత్రి ఇసుక బస్తాలేస్తారు.
మనాది అని తాతమ్మ కాలం మాట ఒకటుంది.
అది, మొగుడు సముద్రంలోంచి తిరిగిరాని ఆడవాళ్ళది.
నాకు పెళ్ళే కాలేదు.

అమలాపురం కాలేజీలో
అటెండెన్సు తగ్గిందని పిలిచిన మేష్టారితో అన్నాను,
"పొద్దున్నే లేవబుద్ధి కావట్లేదండి.
అసలు లేవకపోయినా బాగుణ్ణనిపిస్తోందండి. ఆయ్."
మా వైపు ఆఖరి మాటకి కూడా అండి తగిలిస్తాం.
ఆయన నవ్వేశారు.
ఇంత మర్యాదగా మాట్లాడే పిల్లకి ఏమవుతుందని.

అమ్మ గాలి సోకిందంది. తాయెత్తు కట్టించింది.
చిన్నాన్న తిన్నదరక్క అన్నాడు.
నేను తినడమే మానేశానని
కంచాలు కడిగే అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు.
పక్కింటి పోలేరమ్మత్త "ఎవడే ఆడు?" అని
నా ఫోను వంక చూసింది.
ఒకడుంటే ఎంత సుఖంగా ఉండేది.
అందరికీ అర్థమయ్యే కథ ఉండేది.

మా మామ్మ నూకరత్నానికి
చదువు రాదు, రేడియో వచ్చు.
చీటీ తిరగేసి పట్టుకుని
"ఏం రాసిందే?" అంది.
"డిప్రెషన్."
చప్పున లేచి వాకిట్లోకెళ్ళి ఆకాశం చూసింది.
"ఎక్కడ తీరం దాటుద్దంట?"

నవ్వొచ్చింది, నాలుగు నెలల్లో మొదటిసారి.
ఆ నవ్వు సగంలో తిరగబడి
ఏడుపై వెళ్ళి ఆవిడ ఒళ్ళో పడింది.
ఎండుచేపల వాసన, చుట్ట వాసన.
"సముద్రంలో కాదు మామ్మా. నాలో."

చాలాసేపు ఏమీ అనలేదు.
లేని పేల కోసం నా తలంతా వెతికింది.
"వాయుగుండం పడితే," అంది చివరికి,
"నీకేం తక్కువే అని సముద్రాన్నెవరూ అడగరు.
పడవలు పైకి లాక్కుంటాం.
జెండా ఎన్నో నంబరో చూసుకుంటాం.
ఎల్లిపోద్ది. మళ్ళీ వత్తాది కూడా.
మేం ఊరొదిలేసి పోయామా ఏంటి?"

తాయెత్తు ఇంకా జబ్బకే ఉంది.
అలమరలో తెల్లబిళ్ళలున్నాయి.
రెండూ అమ్మే గుర్తు చేస్తుంది.
బిళ్ళ పేరు నోరు తిరగక గాలిమందు అంటుంది.
నేను దిద్దను.

రోజూ తెల్లారగట్ల
చేపల తట్ట నెత్తికెత్తుకునే ముందు
మామ్మ గుమ్మంలోంచి అడుగుతుంది,
"ఇయ్యాల ఎన్నో నంబరే?"
రెండంటే వెళ్ళిపోతుంది.
మూడంటే నా చేత గంజి తాగించి వెళ్తుంది.

నిన్న నోరు పెగల్లేదు.
చాప మీంచే వేళ్ళు చూపించాను.
ఒక చెయ్యి, ఇంకో రెండు.

తట్ట కింద పెట్టిన చప్పుడు.
అగ్గిపుల్ల గీసిన చప్పుడు.
ఒడ్డుకి లాగిన పడవ పక్కన కూచున్నట్టు
నా పక్కన కూచుంది, సముద్రం వైపు తిరిగి.

తెల్లారింది.
బయట ఒక్క మబ్బు కూడా లేదు.