పంతొమ్మిదో నెల దగ్గర

సరస్సు మీంచి వీచే ఏప్రిల్ గాలికి
షికాగోలో ఏ గొడుగూ నిలవదు.
ఇరవై వేల మందిమి, మెడలో పేరుబిళ్ళలు వేసుకుని
ఒక్క రోగం గురించి మాట్లాడుకోవడానికి వచ్చాం.
ఒక్క రోగం అనడం అలవాటు కొద్దీ.

పోస్టర్ల హాల్లో విమానాలు నిలపొచ్చు.
నా చోటు నాలుగు వందల పదిహేడు:
ఎలుకలు, ఒక జన్యువు, మూడేళ్ళు.
చూడ్డానికి ఇద్దరొచ్చారు.
ఒకాయన మరుగుదొడ్డి ఎటని అడిగాడు.
ఇంకొకామె పక్క పోస్టర్ కోసం వచ్చి
అక్కడ జనం పలచబడేదాకా
నా ఎలుకల ముందు నిలబడింది.

పక్క పోస్టర్ బియాటా వ్రోనాది.
ఈ ఊళ్ళోనే, దక్షిణాన ఓ ఆసుపత్రి.
అరవై రెండు మంది, ఊపిరితిత్తులు.
పాత మందు గీత బూడిదరంగు, కొత్తది నీలం.
రెండూ ఎడమ పైమూలన మొదలై
మెట్లు మెట్లుగా దిగుతాయి.
మెట్టు దిగిన చోటల్లా ఒక మనిషి.
ఆ మాట మాలో ఎవరం పైకి అనం.
‘అంతరం బాగా తెరుచుకుంది’ అంటాం,
కిటికీ గురించి అన్నట్టు.

మెట్టుకీ మెట్టుకీ నడుమ, చదునులో,
అక్కడక్కడా చిన్న నిలువు గీతలు, చీమకాలంత.
అవి చావులు కావు.
ఆ తర్వాత కబురు లేదని గుర్తు.
నా ఎలుకల్లో కబురు తెలియనిది ఒక్కటీ లేదు.

ఐదున్నరకి సగం దీపాలు ఆర్పేశారు.
కోట్లు దాచే గదిలో పనిచేసే ఆవిడ
కాగితం కప్పులో టీ పట్టుకుని అటుగా వచ్చింది.
చొక్కా మీద పేరు: ఒడెట్.
కళ్ళద్దాలు నుదుటి మీంచి ముక్కు మీదికి లాక్కుని
ఆసుపత్రి పేరు చదివింది.
మందు పేరు మాలో చాలామంది కంటే
సరిగ్గా పలికింది.

“నీలం వాళ్ళు మాత్రలు మింగినవాళ్ళా?”
అవునంది బియాటా, పిన్నులు పీకుతూ.
“పొద్దున రెండు. సాయంత్రందాకా నోట్లో ఇనుము రుచి.”
పిన్ను పీకే చెయ్యి ఆగింది.

“ఆ బస్సు తీసేశారమ్మా. రెండు మారాలి, మంచులో.
తర్వాత ఇల్లు మారాను, ఫోనూ మారింది.
పంతొమ్మిది నెలలు వెళ్ళాను. లెక్క నాకు గుర్తే.”

నీలం గీత మీద, పంతొమ్మిది దగ్గర,
ఒకే ఒక్క చీమకాలు.
ఆవిడ గోరు దాని మీద ఆనింది,
ఎరుపు రంగు, అంచున పెచ్చులూడి.
“అయితే ఇది నేను.”

ఎన్నేళ్ళయిందని అడిగింది నేను.
అడక్కూడదు, నా పోస్టర్ కాదు.
“ఆరు. వచ్చే నెలకి ఏడు.”

డేటాకి తాళం వేసి మూడు నెలలైంది.
ఒక మనిషికి గీత కదలదు, కదిలినా
కంటికి ఆనదు. ఇవన్నీ బియాటాకి తెలుసు.
తెలిసినవేవీ అనలేదు.
“మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?” అని అడిగింది.
“రోజూ మూడంతస్తులు. మా లిఫ్టు
ఎప్పుడు బాగుంది గనక!”
నవ్వి, టీ తాగేసి, గడియారం చూసుకుంది.
“మీ కోట్లు నా దగ్గరే ఉన్నాయి. ఆరింటికి మూసేస్తాను.”

వెళ్ళాం. గది చివర కొక్కేలకి
పాత కోట్లు ఏడో ఎనిమిదో,
ఒక్కోదానికీ టోకెను, పోయిన సమావేశాలవి.
ఇవేంటని అడిగాను.
“రాలేదు. పారెయ్యమంటారు.
రానంత మాత్రాన లేరనా?”

బియాటా ఎడమ చెయ్యి కుడి తొడుగులో పెట్టింది,
తీసి మళ్ళీ తొడుక్కుంది.
బయట గాలికి చుట్టిన పోస్టర్ బాకాలా ఊళ పెడుతోంది.
టాక్సీ కోసం నిలబడ్డప్పుడు చూశాను,
టోకెను వెనక్కి ఇవ్వలేదు.
వెనకవైపు ఒడెట్ ఫోను నంబరు, పెన్సిల్‌తో.
చివరి అంకె ఒకటో ఏడో తెలియడం లేదు.
రెండిటికీ చేస్తానంది.