అవసర ధ్రువపత్రం

విన్నది విన్నట్టు టైపు చేయడం నా పని.
ఫ్రాంక్‌ఫోర్ట్‌లో, మూడో అంతస్తులో, కిటికీ తెరుచుకోని గదిలో
పదకొండేళ్లుగా ఎవరెవరి మాటలో నా వేళ్ల మీదుగా వెళ్లిపోతున్నాయి.
దగ్గు రాయను. నిట్టూర్పు రాయను.
మౌనానికి మా యంత్రంలో మీట లేదు.

ఆ మంగళవారం తూర్పు కొండల నుంచి ఒక మంత్రసాని వచ్చింది.
పేరు ఓలెటా స్టిడమ్.
తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరిందట.
బూట్ల అంచున బొగ్గురంగు బురద ఇంకా ఆరలేదు.
మూడువందల పైచిలుకు కాన్పులు చేసిన చేతుల్ని
బల్ల మీద పెట్టి కూర్చుంది,
ఎవరో తనిఖీ చేయడానికి అడిగినట్టు.

ఆమె డబ్బు అడగలేదు
(రికార్డులో ఈ మాట రెండుసార్లుంది, నేనే కొట్టాను).
స్థలం తనది. అప్పు తనది.
కప్పు వేసింది వాళ్ల అన్న డార్సీ, ఆదివారాలు మానుకుని.
మూడు మంచాలు, ఒక నీళ్ల తొట్టి, వేడినీళ్ల బాయిలరు.
ఇక కావలసింది కాగితం ఒక్కటే:
ఆ లోయకు మూడు మంచాలు అవసరమేనని
రాష్ట్రం ఒప్పుకుంటున్నట్టు.

అభ్యంతరం చెప్పడానికి లేచినవాడు
డెబ్బై మైళ్ల అవతలి ఆసుపత్రి వకీలు.
మా వార్డులో పదహారు మంచాలున్నాయి,
ఆరు ఎప్పుడూ ఖాళీయే, అన్నాడు.
కొత్తవి వస్తే పాతవాటికి నష్టం, అన్నాడు.
మంచాల తరఫున అంత ఆర్ద్రంగా మాట్లాడిన మనిషిని
నేనింతవరకు చూడలేదు.
రొట్టెల కొట్టు పెట్టుకుంటానంటే
ఎదురుకొట్టువాడి సంతకం తెమ్మన్నట్టుంది.

నడుమ కూర్చున్న సభ్యుడు కళ్లజోడు తుడుచుకుంటూ
అవసరం ఉందనడానికి లెక్కలున్నాయా అని అడిగాడు.

పోయిన ఫిబ్రవరిలో, అంది ఓలెటా,
మంచులో, నలభై ఒకటో మైలురాయి దగ్గర,
ట్రెసీ నేపియర్ పికప్ ట్రక్కు ముందు సీట్లో కన్నది.
బొడ్డుతాడు కట్టింది ఆమె మొగుడు, బూటు లేసుతో.
పాప బతికింది.
ఆ పాపని లెక్కలో వేసుకోండి.

అది సంఘటన, గణాంకం కాదు, అన్నాడు సభ్యుడు.
టైపు చేశాను.
కామా ఎక్కడ పెట్టాలో మాత్రం కాసేపు తోచలేదు.

నేనూ ప్రభుత్వం జీతం తినేదాన్నే.
మా అమ్మ డయాలసిస్‌కి డబ్బు కట్టేది వాళ్ల కార్డే.
అన్నీ కూలగొట్టండని అరిచేవాళ్లలో లేను,
మా మరిది ఉన్నాడు, థాంక్స్‌గివింగ్‌కి వస్తే
టర్కీ చల్లారేదాకా అదే గొడవ.
కానీ ఆ రోజు నాకు అతని మాట ఒకటి గుర్తొచ్చింది:
చెయ్యి అందించకపోతే మానె,
దారిలోంచి కాలు తియ్యమను.

వరమిచ్చినా పూజారి ఒప్పుకోడంటారే,
ఇక్కడ వరమిచ్చేది ఎవరో కూడా తెలియదు.
ఏడుగురు పూజారులు, ఒక కాఫీ ఫ్లాస్కు.
వాళ్లలో ఒక్కరూ చెడ్డవాళ్లు కారు.
ఒకావిడ ఓలెటాకి మంచినీళ్ల సీసా కూడా జరిపింది.
వాళ్లకున్న చట్టంలో
ఖాళీ మంచానికి పేరుంది, గది నంబరుంది, వకీలున్నాడు.
ఇంకా పుట్టని బిడ్డకి ఇవేవీ లేవు.

మధ్యాహ్నం మూడూ పదికి తీర్పు:
అవసరం నిరూపణ కాలేదు.
తిరిగి దరఖాస్తు చేసుకోవచ్చు, రుసుము వేరే.

ఇంటికెళ్లే ముందు ప్రతిలో వెతికాను,
అవసరం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందోనని.
యాభై ఏడు.
ఆమె నోట రెండు.

వరండాలో యంత్రం సంచిలో సర్దుతుంటే
ఆమె ఫోను మోగింది.
"ఎన్ని నిమిషాలకొకసారి?
తొమ్మిదా? సరే.
పడుకోకు, నడువు. మీ అత్తని పిలువు. వస్తున్నా."

లిఫ్టు కోసం ఆగలేదు.
మెట్ల మీద ఆ బూట్ల చప్పుడు
కింది అంతస్తుదాకా వినిపించింది.
నా వేళ్లు గాలిలో కదిలాయి, అలవాటుగా.