సామాను టికెట్టు

సిరివంచలో పొద్దున్నే టీ పోసినవాడు
నా చక్రాల వంక చూసి ఒక్క మాటే అన్నాడు:
"ఆలాపల్లికా? ఈ ముసురులనా?"
చిల్లర తిరిగిచ్చేటప్పుడు ఒక రూపాయి ఎక్కువే ఇచ్చాడు.
అది జాలి అని మధ్యాహ్నానికి గాని తెలియలేదు.

మాది రాజోలు. పంపుసెట్లు బాగుచేస్తాను.
మా వైపు నేల అరిటాకు పరిచినట్టుంటుంది,
ఎత్తంటే మాకు ఏటిగట్టే.
అంతర్వేది ఇసుకలో వెనక చక్రం తడిపి
గోదారి వచ్చిన దారినే ఎదురెళ్దామని బయల్దేరి
నిన్న ఇక్కడ ప్రాణహిత వైపు మళ్ళాను.
ఇవాళ పదో రోజు.

నల్లమన్ను.
మా ఒండ్రులాంటిది కాదు, కడిగితే పోదు.
బ్రేకుకీ టైరుకీ మధ్య దూరి
ఆరిపోయిన పిండిలా బిగుసుకుంటుంది.
పది బారలు తొక్కడం, దిగడం,
టేకు పుల్లతో గీకడం,
మళ్ళీ పది బారలు.
రాళ్ళ మీద అంకెలు మరాఠీలో ఉన్నాయి.
మొదట్లో కూడబలుక్కుని చదివాను,
తర్వాత మానేశాను, తెలియకపోవడమే నయమని.

టేకాకుల మీద వాన
వెనకాలే ఎవరో విస్తళ్ళు దులుపుతున్నట్టు.
తిరిగి చూస్తే ఎవరూ లేరు.
అప్పుడే కుడి మోకాలు మొదలెట్టింది.
దానికి మా మేనత్త పేరు పెట్టాను, కామేశ్వరమ్మ.
ఒకసారి ఎత్తుకుందంటే ఆపదు.

జిమలగట్ట దాటాక ఎర్ర బస్సు వచ్చింది.
నేను చెయ్యెత్తలేదు.
ఎత్తానేమో.
కండక్టరు గేడాం తలుపు తీసి
"ఎక్కు సారూ, సైకిల్ మీద కడదం" అన్నాడు.
ముందు సంచి అందుకున్నాడు.
పొడి బట్టలు, గాలిపంపు, అతుకుల డబ్బీ, అటుకులు,
అన్నీ అందులోనే.
సైకిలు ఎత్తేలోపు
బస్సు వెనక చక్రం నిదానంగా
గేదె పడుకున్నట్టు బురదలో కూర్చుంది.

అందరం దిగాం.
ఉప్పు మూట దించని మాడియా ముసలాయన,
పరీక్షకు పోతున్న ఇద్దరు నర్సింగు పిల్లలు,
కోడిని చంకలో ఉంచుకునే తోసిన ఒకావిడ.
హో అంటే మరాఠీలో అవునట,
మా వైపు అది ఎద్దుల్ని ఆపే కేక.
వాళ్ళు హో అన్నప్పుడల్లా నేను ఆగాను.
మూడోసారికి బండి లేచింది.

ఆపితే మళ్ళీ దిగబడుతుంది కదా,
అది ఆగలేదు.
వాళ్ళంతా పరిగెత్తి ఒక్కొక్కరే ఎగిరి ఎక్కారు,
ముసలాయన్ని మూటతో సహా లాగారు,
కోడి కూడా ఎక్కింది.
సైకిలున్నవాడు ఎగరలేడు.
గేడాం మెట్టు మీంచి ఏదో అరిచాడు,
అందులో డిపో ఒక్కటే వినపడింది.

ఇంటికెళ్ళాక మా వాళ్ళు అడుగుతారు,
అంత వానలో ఎలా తొక్కావని.
పట్టుదల అని చెప్పుకోవచ్చు.
నిజానికి బస్సు ఆగలేదు, అంతే.

పంక్చరైతే అతుకు లేదు, ఆకలికి అటుకులు లేవు,
జేబులో ఉన్నది ఆ టీకొట్టు రూపాయి.
ఓపికున్నంతసేపు తిట్టుకున్నాను,
బస్సుని, గేడాంని, నదుల్ని.
ఓపిక అయిపోయాక కాళ్ళు వాటంతటవే తిరిగాయి,
కరెంటు పోయినా కాసేపు తిరిగే మోటారులా.
సంచి లేని బండి తేలిక.
ఆ సంగతి ఒప్పుకోవడానికి రేపనపల్లి దాకా పట్టింది.
అక్కడ చీకటి పడింది.
ఒక లారీ నన్ను దాటి, ఎందుకో మెల్లగా నడిచింది,
వెలిగే ఒంటి ఎర్రదీపం వెనకే నేను.

ఆలాపల్లి బస్టాండులో తొమ్మిది దాటింది.
డ్యూటీ దిగినా ఇంటికి పోకుండా
బల్ల మీద గేడాం,
నా సంచి ఒళ్ళో పెట్టుకుని కునుకు తీస్తున్నాడు.
లేపితే ముందు నా కాళ్ళు చూశాడు, తర్వాత ముఖం.
"మనిషికి టికెట్ లేదు.
సామానుకు కొట్టిన. పన్నెండు రూపాయలు."

రూపాయి తీసి అతని అరచేతిలో పెట్టాను.
మిగతా పదకొండూ సంచిలో ఉన్నాయి.
నా వేళ్ళు వంగడం లేదు,
జిప్పు అతనే తీశాడు.