బుష్షు

రాణిగంజ్‌ల మా దుకాణం పదడుగుల వెడల్పు.
ముప్పయ్యొక్కేండ్లుగ ఇంజన్ దగ్గు విని మందు చెప్తున్న.
షట్టర్ సగం ఎత్తంగనే తెలుస్తది,
బయట ఆగిన బండికి రింగులు పోయినయా
ప్లగ్గు మసిబట్టిందా.

ఫోన్లు చేసే ఆ పెద్ద కంపెనీవి
నా దగ్గర పన్నెండు షేర్లున్నయి.
దాని గుమ్మం నేను చూడలె, నా పేరు దానికి తెల్వదు.
అయినా రాత్రి ఏడు దాటితే
పళ్ళెం ముంగట పెట్టుకొని
ఆడ పొద్దు పొడిచిందా అని చూస్త.

కొన్ననాడు ఝన్వర్ సేఠ్ నవ్విండు:
"స్పేర్ పార్టులమ్మేటోడివి,
పార్టు మార్చనియ్యని దాన్ని కొంటవా?"
నా జవాబు ఇంకా యాదికుంది, కొంచెం సిగ్గుతోని:
"అది కరెంటు కారు చేస్తదట సేఠ్.
నా దుకాణాన్ని ముంచేది ఏదో,
దాంట్ల నాకూ ఇంత వాటా ఉండని."

ఏండ్లకేండ్లు ఎదురుచూసిన.
స్టీరింగ్ ఉండదన్నరు, ఉంటదన్నరు.
గోడౌన్ల కార్బొరేటర్ కిట్లు లెక్కబెట్టుకుంట
ఆ లేని కారు డోరు
ఎన్నిసార్లు తెరిచి మూసిననో.

ఒకనాడు, చెయ్యం, అన్నది కంపెనీ.
అంతే.
తెల్లారి చూస్తే షేరు పెరిగింది.

ఇది నాకు ఇప్పటికీ సమజ్ గాదు.
మా ఎల్లేశం ఒక్క దినం చెయ్యనంటే జీతం కోస్త.
మొయిజ్ మేస్త్రీ విప్పిన గేర్‌బాక్సు బిగించకపోతే
గిరాకీ గల్లా పట్టుకుంటడు.
చెయ్యనన్నందుకు విలువ పెరిగినోన్ని
ఈ బజార్ల నేను చూడలె.
పెరిగిన పైసలకు నాలుగు క్లచ్ ప్లేట్లొస్తయని లెక్కేసి,
సంతోషం ఎక్కడన్న ఉందా అని
జేబులు తడుముకున్నట్టు తడుముకున్న.

కార్లు మాత్రం ఆగలె. వేరేటోళ్ళు చేసిన్రు.
ఆకుపచ్చ ప్లేట్లు ట్యాంక్‌బండ్ మీద ఒకటి, ప్యారడైజ్ కాడ మూడు,
గచ్చిబౌలి దిక్కు పోతే లెక్క తప్పుతది.
మొన్న సిగ్నల్ల ఒకటి పక్కకొచ్చి ఆగితే
అలవాటుగ చెవి పెట్టిన.
లోపల ఏదో పాప ఏడుపు తప్ప
ఏం వినబడలె.
దగ్గని రోగి నాడి ఎక్కడ పట్టాలె?

నిన్న వానల
ఒకామె ఆకుపచ్చ ప్లేటు బండి దుకాణం ముంగట ఆపింది.
మణికొండ నుంచట.
"ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమంటోందండీ,
షోరూంలో పదిహేను రోజులన్నారు."
మొయిజ్ పక్క సీట్ల కూసోని గల్లీ చివరిదాక పోయొచ్చిండు.
"బుష్షు పోయింది భాయ్. బ్యాటరీ బరువు, మన గుంతలు."

నేను గల్లా వదిలి రోడ్డు మీదికొచ్చిన.
ఇంకోసారి నడపమన్న.
టక్. టక్.
ఇంజన్ మోత కింద ఇన్నేండ్లు
ఇంత చిన్న చప్పుడు ఇంత సాఫ్‌గ విన్ననా?

ఆ సైజు మా దగ్గర లేదు.
దగ్గరి సైజు తీసి, మొయిజ్ పక్క దుకాణం లేత్ మీద
మిల్లీమీటరున్నర గీకి ఎక్కించిండు.
ఆమె ఆరు వందలు ఫోన్‌తోని కొట్టింది.
ఫోన్ నా కంపెనీదే.
నేనేం చెప్పలె.

రాత్రి ఏడు దాటింది. షేరు పావు శాతం కిందికుంది.
బల్దియా గుంతలకు షేర్లు తీస్తే
అన్నీ నేనే కొందును, అది వేరే మాట.
పన్నెండిట్ల ఏడు అమ్మితే
పాత లేత్ ఒకటి వస్తదని సేఠ్ అంటుండు.
అదే సేఠ్, అదే నవ్వు.

అమ్ము అనే గుర్తు మీద బొటనవేలు పెట్టిన.
గ్రీజుంటే ఫోన్ వేలును పట్టించుకోదు.
ప్యాంటుకు తుడుచుకుంటుంటే
బయట ఏదో బండి ఆగినట్టనిపించింది,
ఆగలేదో, ఆగిందో.
షట్టర్ కింద నుంచి వంగి చూసిన.