ఉతుకుల లెక్క

తెల్లవారుజామున నాలుగూ నలభైకి
దిండు కింద ఫోను ఒకసారి వణుకుతుంది.
ఇవాళ షిఫ్టు ఉంది, రాగలిగితే వై అని కొట్టండి.
పద్నాలుగేళ్లుగా
ఈ దేశపు ప్రభుత్వానికి నేను రాసిన ఉత్తరాలన్నీ
ఆ ఒక్క అక్షరమే.
ఆలస్యమైతే షిఫ్టు ఇంకొకరిది.
అందుకే స్నానానికి వెళ్లినా
సబ్బుపెట్టె పక్కనే ఫోను.

బాలరాట్‌లో జూలై.
బస్సులు ఇంకా లేవవు, నేను నడుస్తాను.
ఆసుపత్రి వెనక, నేలమాళిగలో మా లాండ్రీ.
తలుపు తీస్తే ఆవిరి మొహాన కొడుతుంది:
బయట సున్నా, లోపల మా పల్నాటి రోహిణీ కార్తె.

నా పేరు వీరమణి.
ఇక్కడ నోరు తిరిగినంత మేరకు, మనీ.
రోజు లెక్కన బతికే మనిషికి
ఆ పేరు తగిలించినవాడెవడో గానీ
చమత్కారి.

ప్రతి దుప్పటి అంచునా నీలం ముద్ర ఉంటుంది,
ఆసుపత్రి సొత్తు అని.
పక్కన నంబరు. ఎన్ని ఉతుకులు పడ్డాయో
కంప్యూటరుకి తెలుసు.
పోతే వెతుకుతారు, చిరిగితే కాగితం రాస్తారు.
నాకు నడుం పట్టేసి పదకొండు రోజులు పడుకుంటే
మూడోనాటికి ఫోనే వణకడం మానేసింది.

పెద్ద దుప్పటికి ఇద్దరు కావాలి.
అవతలి మూలలు రెండూ ద్రాగిత్సావి.
దగ్గరికొస్తాం, మూలకు మూల కలుపుతాం,
వెనక్కి అడుగేస్తాం.
ఆమె తన క్రొయేషియన్‌లో గొణుక్కుంటుంది,
నేను తెలుగులో తిట్టుకుంటాను.
దుప్పటికి రెండూ అర్థమవుతాయనుకుంటా,
చక్కగా మడత పడుతుంది.

యూనియన్ మీటింగులో ఆమే లేచింది.
"ఆ ఇస్త్రీ మిషనుకి ఏడాదికి రెండుసార్లు సర్వీసు.
మాకు పద్నాలుగేళ్ల సర్వీసు.
మీ ఫైల్లో ఏది ఉంది?"
అని కూర్చుంది. అంతే.
కుర్చీ కిర్రుమన్నది కూడా వినపడింది.

మా నాయనమ్మ కోటమ్మది పర్మనెంటు ఉద్యోగం.
పుట్టకముందే ఇచ్చారు.
ఇరవై ఇళ్ల మురికి, వాళ్ల పురుటి గుడ్డలు,
ఏడాదికోసారి కల్లంలో మిగిలిన గింజలు,
రాత్రయితే గిన్నె పట్టుకుని ఒక్కో వాకిట్లో పిలుపు.
మానేస్తానంటే మాననిచ్చేవాళ్లు కాదు.
వాళ్లు వదల్లేదు, వీళ్లు పట్టుకోలేదు.
ఈ రెంటికీ నడుమ
ఏదో ఒకటి ఉండాలి గదా.

మొన్న కవరు వచ్చింది.
ఒకటో తారీఖు నుంచి శాశ్వత ఉద్యోగినట.
జ్వరమొస్తే జీతం, సెలవుకి జీతం.
గంటకి మాత్రం ఆరు డాలర్లు తక్కువ.
ఇన్నాళ్లూ ఆ ఆరూ నా జ్వరాల ఖరీదట,
ముందే చెల్లించేశారట!
ఆఖరి పేరాలో
ఆరు నెలల ప్రొబేషన్.
పని తృప్తికరంగా ఉంటే కొనసాగిస్తారు.
తృప్తిని కొలిచి రాసేది టైలర్.
ఏ మూల పట్టుకోవాలో
కిందటేడు నేనే నేర్పాను వాడికి.

ద్రాగిత్సాకి అరవై మూడు. ఆమెకీ అదే కవరు.
"జాగ్రత్తగా మడత పెట్టు మనీ,
మనం కొత్తగా చేరాం" అంది.
ఇద్దరం నవ్వీ నవ్వీ
దుప్పటి నేల మీద పడేశాం.
మళ్లీ ఉతకాల్సొచ్చింది.
దాని లెక్కలో ఒక ఉతుకు పెరిగింది.

సంతకం తెలుగులో పెట్టాను,
ఇంటిపేరుతో సహా.
గీత దాటి పక్కకి పోయింది.

ఒకటో తారీఖు, నాలుగూ నలభై.
మెలకువ వచ్చింది. ఫోను వణకలేదు.
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది,
మర్చిపోయారు, నన్ను మర్చిపోయారు...
అప్పుడు గుర్తొచ్చింది.
నా పేరు గోడ మీది చార్టులో ఉంది, నెలంతా.

ఇంకో పది నిమిషాలు అలాగే పడుకున్నాను.
ఆ పది నిమిషాలు
ఎవరి ఖాతాలో రాయాలో తెలియలేదు.